వెతకొద్దని చెప్పిన ఫైలు

నేను ఏమీ చెరపలేదు. ఐదేళ్లుగా ఈ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను. ఒక్క అక్షరం చెరపలేదు, మార్చలేదు, ఎక్కడికీ ఎత్తుకుపోలేదు. స్నానం చేస్తున్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు, ఆఫీసు మీటింగులో ఎవరో ఏదో మాట్లాడుతున్నప్పుడు లోపల ఇదే అనుకుంటూ ఉంటాను. ఏమీ చెయ్యని మనిషి ఇన్నిసార్లు ఎందుకు అనుకోవాలి? జవాబు నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇప్పుడు నోరు పెగులుతోంది.

మాది గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డుకు బాగా లోపలగా ఉండే ఊరు. పత్తి, మిరప. మూడో పంట పేరు మా దగ్గర పెద్దగా వినపడదు. అన్నయ్య వ్యవసాయం చూసుకుంటాడు, నాది కంప్యూటర్ ఉద్యోగం. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీ అన్నాక ఊరికి వచ్చేశాను. ఉద్యోగం కాకుండా నాకొక పిచ్చి ఉంది. నోట్స్ రాసుకునే ఎడిటర్లకు ప్లగిన్లు రాస్తుంటాను. ప్లగిన్ అంటే పెద్ద విషయమేమీ కాదు, ఎడిటర్‌కు దానంతట అది చేతకాని పనిని నేర్పే చిన్న ప్రోగ్రాం. చాలామంది క్రికెట్ చూస్తారు, నేను ఇది చేస్తాను.

నా ప్లగిన్లను నాకన్నా ఎక్కువగా వాడిన మనిషి ఒక్కరే. గ్రేసమ్మ టీచర్ గారు. మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు, నాకూ చెప్పారు. రిటైరయ్యాక చర్చి పక్క సందులో ఒక్కరే ఉండేవారు. ఆవిడకు రోజూ రాసే అలవాటు. మనసులోని బాధలూ ప్రార్థనలూ కాదు, చూసినవి రాసేవారు. వాన మూడున్నరకు మొదలై నాలుగుంబావుకు ఆగింది. ఫలానా వారి గేదె ఈనింది, దూడ నిలబడలేదు. చెరువు కింది బోరు ఈరోజు ఎండింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత ప్రయోగాల రికార్డు రాయించిన చెయ్యి కదా, ఊరంతా ఆవిడకు ఒక ప్రయోగంలా కనిపించేదేమో. చూపు మందగించి కాగితం మీద గీతలు కనపడనప్పుడు నేనే ఒక పాత లాప్‌టాప్ తెచ్చి, అక్షరాలు పెద్దవి చేసి, తెలుగులో టైపు చెయ్యడం నేర్పాను. ఒక్క వేలితో కొట్టేవారు. రోజుకో ఫైలు, దానికి ఆ తేదీయే పేరు.

ఒక్కటే ఇబ్బంది. ఏ ఫైలూ మూసేవారు కాదు. మూస్తే పోతుందని భయం. నలభై, యాభై ఫైళ్లు వరుసగా తెరిచే ఉండేవి, వాటిలో ఏది ఏదో దేవుడికే తెలియాలి. అందుకని తెరిచిన ఫైళ్లను సర్దే ప్లగిన్ ఒకటి రాశాను. ఇళ్లు, పొలాలు, వానలు, బడి అని అరలు పెట్టాను. దాని తర్వాత వెతికే ప్లగిన్ రాశాను. మిరప అని కొట్టినా మిర్చి అని కొట్టినా రెండూ వస్తాయి. ఏమీ దొరకకపోతే ఇంగ్లీషులో ఏదో చూపించడం నాకిష్టం లేక, టీచర్ గారి కోసం ప్రత్యేకంగా తెలుగులో రెండు మాటలు పెట్టాను. "వెతికాను. ఎక్కడా లేదు." మనిషి చెప్పినట్టు ఉందని ఆవిడ ఎంత మురిసిపోయారో. ఇందులో ఏదీ తప్పిపోదు టీచర్ గారూ అని నేనూ గొప్పగా చెప్పాను.

ఇంకొకటి కూడా పెట్టాను, అది ఆవిడకు తెలియదు. లాప్‌టాప్ తనంతట తాను నకళ్లు దాచుకునేది. ఆ నకళ్లు కూడా వెతుకులాటలో వచ్చి, ఒకే మాట రెండుసార్లు కనపడి, రెండుసార్లు రాశానా ఏమిటి అని ఆవిడ కంగారుపడ్డారు. అందుకని ఒక జాబితా పెట్టాను. ఆ జాబితాలో ఏ పేరు రాస్తే దాన్ని వెతికే ప్లగిన్ వెతకదు, సర్దే ప్లగిన్ చూపించదు. ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మంచికే పెట్టాను. అప్పుడు మంచికే.

కొన్నాళ్లకు ఊళ్లో ఏ తగువొచ్చినా టీచరమ్మ పెట్టెలో చూడండి అనడం మామూలైపోయింది. నీళ్ల వంతు ఎవరిది, పిల్లాడికి టీకా ఎప్పుడు వేయించాం, కిందటేడు పత్తి ఎప్పుడు విత్తాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో కొట్టి, చదివి చెప్పేవారు. గుర్తుంటే కూడా గుర్తుందని చెప్పేవారు కాదు. రాసింది చూసి చెబుతాను, నోటిమాట మీద చెప్పను అనేవారు. అదే ఆవిడ పట్టుదల. చివరికి ఆవిడను ముంచింది కూడా అదే. కాదు. ముంచింది నేను.

ఆ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. చెట్టు మీద ఒకపక్క పండిన కాయ, పైన కొత్త పూత. పూతను పురుగు తినేస్తోంది. కాయను కొయ్యకపోతే వానకు తడిసి, రంగుపోయి తాలైపోతుంది. అన్నయ్య మంగళవారం సాయంత్రం మందు కొట్టించాడు. బుధవారం పొద్దున్నే కోత కూలీలను దించాడు. ఆ మందు కొట్టాక కొన్ని రోజులు చేలోకి మనిషి దిగకూడదు, డబ్బా మీదే రాసి ఉంటుంది. పది గంటలకల్లా సువార్తమ్మ అనే కూలీ సాలు మధ్యలో వాంతులు చేసుకుని పడిపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. మందు ఎప్పుడు కొట్టారని డాక్టరు అడిగితే అన్నయ్య, వారం దాటిందండీ, ఎండదెబ్బేమో అన్నాడు.

అన్నయ్య కొట్టించాడు, అన్నయ్య దించాడు, అన్నయ్య అన్నాడు. చూశారా, ఇప్పుడు కూడా ఎలా రాస్తున్నానో? మీతో కూడా పక్కకు తప్పుకుంటున్నాను. ఆ సాయంత్రం నేనూ చేలో ఉన్నాను. డ్రమ్ములో నీళ్లు కలిపింది నేను. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివింది నేను. బుధవారం సాయంత్రానికి వాన ఉందని ఫోనులో చూసి, రేపే కోయించెయ్యి అన్నయ్యా అన్నది కూడా నేనే. ఆ వాన రాలేదు. ఒక్క చినుకు కూడా పడలేదు.

టీచర్ గారు ఆ బుధవారం తెల్లవారగానే కంటి ఆపరేషన్‌కు గుంటూరు వెళ్లారు. వెళ్తూ బస్సెక్కేముందు లాప్‌టాప్ నా చేతిలో పెట్టి, వచ్చేసరికి అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేసి ఉంచు నాయనా అన్నారు. ఇది సువార్తమ్మ పడిపోకముందు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిని తీరిగ్గా కూర్చుని ఆ పని మొదలుపెట్టాను. అక్షరాలు ఎలా ఉన్నాయో చూద్దామని వెతికే చోట "మందు" అని కొట్టాను. అన్నిటికన్నా పైన వచ్చింది ఇదీ.

"మంగళవారం. సాయంత్రం అయిదున్నర. మిరప చేలో మందు కొడుతున్నారు. రేపు కోతలు పెట్టుకుని ఇప్పుడా కొట్టేది అని గట్టు మీద నుంచి అడిగాను. ఏమీ కాదులే టీచర్ గారూ అన్నారు. వాసన ఘాటుగా ఉంది, కొంగు అడ్డం పెట్టుకుని వచ్చాను."

దాని మీద అన్నయ్య పేరు ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది. "తమ్ముడు కూడా ఉన్నాడు, నీళ్లు కలుపుతున్నాడు, తల ఎత్తలేదు."

తల ఎత్తలేదు. నిజమే. ఆవిడ గొంతు వినపడి, డ్రమ్ములోకి చూస్తూ ఉండిపోయాను. అది కూడా ఆవిడ చూశారు. చూసింది రాశారు.

చెరిపెయ్యాలని వేలు రెండుసార్లు వెళ్లింది. చెరపలేదు. చెరిపితే పాపం అనుకున్నానేమో, దొరికిపోతానేమో అనుకున్నానేమో. ఈ రెండింటిలో ఏదో ఇప్పటికీ నాకు నేను తేల్చుకోలేకపోయాను. మంచివాణ్ణి అని నమ్ముకోవడానికి కాస్త చోటు మిగుల్చుకోవాలి కదా. జాబితా తెరిచి ఆ ఒక్క తేదీ రాశాను. మళ్లీ "మందు" అని కొట్టాను. ఇప్పుడు పైన వచ్చింది అంతకు ఎనిమిది రోజుల ముందుది. అప్పుడూ మా చేలో కొట్టారు, ఆ రోజూ ఆవిడ రాశారు. అంటే అన్నయ్య ఆస్పత్రిలో చెప్పిన అబద్ధానికి సాక్ష్యం కూడా తయారైపోయింది. నేనేమీ రాయకుండానే.

సువార్తమ్మ బతికింది. చేతులు వణకడం మాత్రం ఆగలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నెల తర్వాత లేచి తిరగగలిగాక ఒక్కటే అడిగింది. మందు ముందురోజు కొట్టి మమ్మల్ని దించారు, ఆ మాట ఒప్పుకోండి. అన్నయ్య ఒప్పుకోలేదు. కూలీలెవరూ నోరు విప్పలేదు, వాళ్ల పనులు వాళ్లకుండాలి కదా. ఒక ఆదివారం చర్చి అయ్యాక పంచాయతీ ఆఫీసు వరండాలో పెద్దలు కూర్చున్నారు. సువార్తమ్మ టీచర్ గారి వైపు చూసింది. టీచర్ గారు లాప్‌టాప్ తెప్పించారు. కంటికి నల్లద్దాలు ఇంకా ఉన్నాయి, అందుకని నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు కొట్టు నాయనా. ఆ మంగళవారం తేదీ కొట్టు."

కొట్టాను. నా వేళ్లతోనే కొట్టాను. వచ్చింది చదవమన్నారు. చదివాను.

"వెతికాను. ఎక్కడా లేదు."

"సరిగ్గా కొట్టావా?"

"కొట్టానండీ."

"మందు అని కొట్టి చూడు."

మా చేను గురించి, ఆ మంగళవారానికి ఎనిమిది రోజుల ముందుది వచ్చింది. అది కూడా చదివాను. అన్నయ్య వెంటనే, "చూశారుగా, నేను మొదట్నించీ అదేగా చెప్తంది" అన్నాడు.

"అట్టా కాదు టీచరమ్మా," అంది సువార్తమ్మ. "మేస్త్రి దగ్గరికి పోతా ఆ గట్టెంబడే వస్తన్నా నేను. నువ్వు నిలబడి అడిగావు, రేపు కోతలు పెట్టుకుని ఇప్పుడా కొట్టేదని. నా చెవులతో విన్నా. నువ్వు రాయకుండా ఉంటావా?"

టీచర్ గారు చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు చూసుకుంటూ ఉన్నారు.

"అడిగినట్టే ఉంది సువార్తా. రాసినట్టు కూడా ఉంది. కానీ వెతికితే లేదుగా. ఆ ముందు వారం సంగతే నేను ఇలా కలుపుకుంటున్నానేమో."

ఆ తర్వాత నా వైపు తిరిగి, "నీ ప్లగిన్‌లో తప్పిపోయే అవకాశం ఏమైనా ఉందా నాయనా?" అని అడిగారు.

ఇది నేను మోస్తున్న అసలు బరువు. జాబితాలో తేదీ రాసినప్పుడు ఎవరూ చూడలేదు, అది పిరికితనం. ఈ ప్రశ్న మాత్రం నలుగురిలో, నా మొహం మీద, నాకు ఆరో తరగతిలో భూతద్దం పట్టుకోవడం నేర్పిన మనిషి అడిగారు. ఒక్క మాట చాలు. ఉందండీ అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అన్నయ్య నన్నే చూస్తున్నాడు. అన్నయ్యకు జాబితా సంగతి తెలియదు, ఇప్పటికీ తెలియదు. వాడు మామూలుగానే చూస్తున్నాడు. భయం అంతా నాది.

"లేదండీ టీచర్ గారూ," అన్నాను.

సువార్తమ్మ అబద్ధం చెప్పిందని ఊరు తేల్చేసింది. ఎవరూ గట్టిగా అనలేదు, ఆ మర్నాటి నుంచి కూలీలను పనికి పిలిచే ముఠా మేస్త్రి ఆమెను పిలవడం మానేశాడంతే. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయింది. ఆ వణికే చేతులతో ఎలా ఒలుస్తోందో అని ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకోవడం తప్ప ఏం చేశాను?

టీచర్ గారికి జరిగింది మాత్రం రోజూ కళ్లముందే చూశాను. మొదట ఆ ఒక్క మంగళవారం దగ్గర ఆగిపోయారు. అన్ని రోజులూ రాసి అవసరమైన రోజు ఎలా మానేశాను నాయనా అని కనపడినప్పుడల్లా అడిగేవారు. తర్వాత మిగతా రోజుల మీద కూడా అనుమానం మొదలైంది. తలుపు గడియ పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేవారు. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆవిడే, చూడకుండా కూడా చెప్పగలరు. ఎక్కడో ఒక వచనం తప్పు చదివానేమోనని ఆ పని వేరే వాళ్లకు అప్పగించేశారు. ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తే, నన్నడక్కండమ్మా, నాకు జ్ఞాపకం చెడింది అనేవారు. చెడలేదు. ఒక్క ముక్క కూడా చెడలేదు. ఆవిడ తలలో ఉన్నదంతా సరిగ్గా ఉందని ఈ భూమి మీద ఒక్కడికి తెలుసు. ఆ ఒక్కడూ వారానికోసారి వెళ్లి, కాఫీ తాగి, పర్లేదులెండి టీచర్ గారూ, వయసు కదా అని వచ్చేవాడు.

అవును, అలా అన్నాను. వయసు కదా అన్నాను.

ఒకరోజు లాప్‌టాప్‌ను పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టేశారు. చూశానో లేదో తెలియని దాన్ని ఏం రాస్తాను అన్నారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కోసమా, నా కోసమా? దుప్పట్లో చుట్టేశారు కాబట్టి ఇక ఎవరూ చూడరని లోపల ఒక మూల ఊపిరి పీల్చుకున్నాను కూడా. మీకు అసహ్యం వేస్తే వెయ్యనివ్వండి.

ఉద్యోగంలో నేను రోజుకు వందసార్లు ఏదో ఒకటి వెతుకుతాను. దొరకనప్పుడల్లా ఆ నల్లద్దాలు నా వైపు తిరుగుతాయి. ఐదేళ్లు ఇలా గడిచాయి. ఈ మధ్య, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక పొద్దున ఆవిడ ఇంటికి వెళ్లాను. ఇక ఆగలేకపోయాను. కుర్చీలో కూర్చోకుండా కింద కూర్చుని మొత్తం చెప్పాను. నీళ్లు కలిపిన దగ్గర్నుంచి, లేదండీ అన్న దాకా. ఆవిడ కోపగించుకుంటారనుకున్నాను. కొడతారనుకున్నాను, నిజం చెప్పాలంటే కొట్టాలని ఆశపడ్డాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు.

బీరువా మీది నుంచి లాప్‌టాప్ దించి, కరెంటు పెట్టి, జాబితాలోంచి ఆ తేదీ తీసేసి, వెతికి చూపించాను. మంగళవారం, సాయంత్రం అయిదున్నర. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, వేలితో ఒక్కో వాక్యం చూసుకుంటూ రెండుసార్లు చదివారు. ఆ తర్వాత నవ్వారు. చిన్నపిల్లలు హోంవర్కు ఎవరి దగ్గరో చూసి రాసుకొస్తే నవ్వే నవ్వు.

"అచ్చం నాలాగే రాశావు నాయనా."

నేను రాయలేదండీ, మీరే రాశారు అన్నాను. ఫైలు ఎప్పుడు తయారైందో ఆ తేదీ చూపించాను. అవన్నీ నువ్వు మార్చగలవుగా అన్నారు. మార్చగలను. నిజంగానే మార్చగలను.

"ముసలిదాని మనసు నిలబెట్టాలని ఇంత కష్టపడ్డావు. కానీ నాకోసం తప్పు నెత్తినేసుకోకు. నీ ప్లగిన్ తప్పిపోదని ఆ రోజు నువ్వే చెప్పావు. నువ్వు నాకు అబద్ధం చెప్పవు."

ఇంకేం చెప్పను? నమ్మండి టీచర్ గారూ అని బతిమాలాను. నమ్మలేదు. కాఫీ పెట్టి ఇచ్చారు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, దేవుడు నిన్ను దీవించును గాక అన్నారు. ఆ దీవెన మీద పడుతుంటే పారిపోవాలనిపించింది.

మర్నాడు వేటపాలెం వెళ్లాను. మధ్యాహ్నం భోజనానికి బయటకు వచ్చినప్పుడు సువార్తమ్మను పట్టుకుని, గోడ పక్కన నిలబడి అంతా చెప్పాను. ఆమె కేరేజీ మూత తియ్యకుండా విన్నది. ఆశ్చర్యపోలేదు. ఏడవలేదు, తిట్టలేదు.

"నాకెందుకయ్యా చెప్తన్నారు? ఆ చేలో పడింది నేనేగా, నాకు తెలవదా? ఆ వరండాలో చెప్పండి పోయి. టీచరమ్మ ఎదురుగా, అందరూ ఉండంగ చెప్పండి."

చెబుతాను అన్నాను. ఆ మాటను ఆమె నమ్మినట్టు లేదు, నమ్మాల్సిన పని కూడా లేదు. కేరేజీ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వచ్చి పదిహేను రోజులైంది. ఆదివారాలు రెండు గడిచాయి. రెండుసార్లూ పంచాయతీ ఆఫీసు ముందు నుంచి బండి మీద వెళ్లాను, ఆపలేదు. అన్నయ్య మొహం గుర్తొస్తుంది, వాడి పిల్లల మొహాలు గుర్తొస్తాయి. ఏదో ఒకటి గుర్తొస్తుంది. నా పేరు పెట్టకుండా ఇక్కడ రాయడం కూడా తప్పించుకోవడమే కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతున్నాను. అయినా ఎక్కడో ఒకచోట ఈ మాటలు బయట ఉండాలి, ఎవరో ఒకరు చదవగలిగేట్టు ఉండాలి. అందుకని రాస్తున్నాను. ఆ మంగళవారం సాయంత్రం మా చేలో మందు కొట్టారు. గ్రేసమ్మ టీచర్ గారు చూశారు, అడిగారు, ఇంటికి వెళ్లి రాశారు. ఆవిడ జ్ఞాపకంలో ఏ లోపమూ లేదు. సువార్తమ్మ చెప్పింది ప్రతి మాటా నిజం. దాచింది నేను.

ఇంతవరకు రాసేసరికి గుండె మీద కాస్త తేలిగ్గా ఉంది. ఆ ఇద్దరిలో ఒక్కరికీ ఏమీ తిరిగి రాలేదు, నాకు మాత్రం తేలికయింది. అందుకు కూడా సిగ్గుగా ఉంది.